ఎముకకు గట్టిదనమే బలమా?

మా పామూరు ప్రాంతమున కొందరు వృద్ధులను వెనుకనుండి పిలిచినచో వారు తల ఒక్కటే త్రిప్పి చూడలేరు. దేహమంతయు త్రిప్పవలసి వచ్చును. క్రిందపడిన చేతికర్రను వంగి తీసికొనలేరు. ఇది వయస్సుతో వచ్చిన నొప్పి యని ఇంటివారు సరిపెట్టుకొందురు. కాని అట్టివారిలో పలువురి ఎముకలు ఎక్స్‌రే చిత్రములో అరిగినట్లుగాక, మామూలుకంటె దట్టముగా కనబడును. ఎముక దట్టమైనచో మనిషికి బలము పెరుగవలెను గదా! నడుము వంగకపోవుటకు కారణమేమి? ఇది తెలియవలెనన్న, ఎముకయు కండరమును కలిసి ఎట్లు పనిచేయునో ముందుగా చూడవలెను.

ఎముకలో ఏమున్నది?

పెరిగిన మనిషి దేహమున 206 ఎముకలు గలవు. ఎముక రాయివలె నిర్జీవమైనది కాదు. దానిలో రక్తనాళములును, జీవకణములును గలవు. కొన్ని కణములు పాత ఎముకను కరగించుచుండగా మరికొన్ని క్రొత్త ఎముకను కట్టుచుండును. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజ లవణములు. అందు ముఖ్యమైనది కాల్షియము, ఫాస్ఫేటులతో ఏర్పడిన హైడ్రాక్సీఎపటైట్. మిగిలినదానిలో ప్రధానమైనవి కొలాజెన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన నారలు.

ఈ రెంటి పనిని పాఠశాలలోనే చూపవచ్చును. శుభ్రపరచిన కోడికాలి ఎముకను వారము దినములు వినిగరులో నానవేసి చూడుడు. ఆమ్లము లవణములను కరగించును; మిగిలిన ఎముక రబ్బరువలె వంగును. మరియొక ఎముకను ఉపాధ్యాయుని సమక్షమున నిప్పులలో బాగుగా కాల్చుడు. నారలు కాలిపోవును, ఆకారము నిలుచును గాని చల్లారిన పిదప నొక్కినచో చిట్లిపోవును. సిమెంటు కప్పులో ఇనుప కమ్మీలవలె, ఎముకలో నారలుండుటచేతనే అది దెబ్బకు ఓర్చుకొనును. కావున ఎముక బలము గట్టిదనములో మాత్రమే లేదు. రెంటి పొందికలో నున్నది.

కదలిక ఎట్లు కలుగును?

కాడికి కట్టిన ఎద్దు బండిని లాగునేగాని నెట్టదు. కండరమును అంతే. మోచేతిని ముడుచుటకు దండ ముందరి కండరము లాగును. చాచుటకు వెనుకటి కండరము లాగును. ఒకటి బిగిసినపుడు రెండవది సడలును. కండరమును ఎముకతో కలుపునది స్నాయుబంధనము. ఎముకను ఎముకతో కట్టునది సంధిబంధనము. కీలులో ఎముకల కొనలపై మృదులాస్థి నున్నని పూతవలె నుండి రాపిడి తగ్గించును. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలు కదలినపుడు దానిలోని ద్రవము లోనికి వెలికి పోవుచు పోషణ నిచ్చును. కీలు చక్కగా కదలవలెనన్న ఎముక గట్టిగాను, బంధనములు మెత్తగాను ఉండవలెను.

నీటిలోని ఫ్లోరైడు

ఈ పొందికయే ఫ్లోరోసిస్ వ్యాధిలో చెడును. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. మన దేశములో దీనిపై వెలువడిన తొలి శాస్త్రీయ నివేదికలలో అది యొకటి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు అపుడు నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో అవి చేరినవి. ఆ జిల్లాకే పిదప ప్రకాశము అని పేరు వచ్చినది.

ఇచ్చటి రాళ్లలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు గలదు. రాతి పగుళ్లలో చాలకాలము నిలిచిన భూగర్భజలములోనికి అది కొంచెము కొంచెముగా దిగును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి తెలియదు. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. మన దేశ ప్రమాణము ప్రకారము 1 మిల్లీగ్రాము లోపల నుండుట మేలు.

శరీరమున నిలిచిన ఫ్లోరైడులో నూటికి 99 వంతులు ఎముకలలోను, దంతములలోను చేరును. ఫ్లోరైడు అయాను హైడ్రాక్సిల్ అయానుతో పరిమాణమున ఇంచుమించు సమానము, విద్యుదావేశమును ఒక్కటే. అందుచేత ఎముక లవణములో దాని స్థానమును సులభముగా ఆక్రమించును. ఎముక కట్టు కణములు కూడ ఉద్రేకము చెంది, అవసరమునకు మించి క్రమములేని ఎముకను పేర్చును. సంధిబంధనములలోను, స్నాయుబంధనములలోను కాల్షియము పేరుకొని, వంగవలసినవి బిగిసిపోవును. వెన్నెముక ఒకే కొయ్యవలె నగును. వెన్నుపాముపై ఒత్తిడి కలిగినచో కాళ్లు చచ్చుబడవచ్చును. కండరము లోపములేకున్నను, లాగిన కీలు కదలదు.

ఆహారములో కాల్షియము కొరవడినచో హాని హెచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి, ఫ్లోరోసిస్ ప్రాంతమున మోకాళ్లు లోపలికి వంగి ఒరసికొనుటను 1973లో వర్ణించిరి.

మనము చేయగలిగినది

బిగిసిన బంధనములను మరల మెత్తపరచు మందు లేదు. కావున రాకుండ చూచుకొనుటే మార్గము. నీటిని కాచినచో ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది చిక్కనగును. నాగపూరులోని నీరి సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి చేర్చి ఫ్లోరైడును అడుగునకు దింపుదురు. పటిక మోతాదును నీటిని పరీక్షించిన పిదపనే నిర్ణయింపవలెను. శుభ్రముగా పట్టిన వాననీటిలో ఫ్లోరైడు చాల స్వల్పము. పాలు, రాగులు, ఆకుకూరలు కాల్షియము నిచ్చును. ఎండ తగిలిన చర్మము తయారుచేయు విటమిన్ డి, ఆ కాల్షియమును ప్రేగులు గ్రహించుటకు తోడ్పడును.

ఉపాధ్యాయులు తరగతిలోనే కొంత గమనింపవచ్చును. పిల్లలు మోకాళ్లు వంచక పాదముల వ్రేళ్లను తాకగలరా? గడ్డమును రొమ్మునకు ఆనించగలరా? చేతులను తల వెనుకకు చేర్చగలరా? దంతములపై తెల్లని మచ్చలుగాని, పసుపు, గోధుమరంగు చారలుగాని గలవా? ఇవి రోగనిర్ణయములు కావు. వైద్యునికి చూపవలెనను సూచనలు. దంతముల పింగాణి పొర ముఖ్యముగా ఎనిమిదేండ్లలోపుననే ఏర్పడును. వయోజనులలోకంటె పిల్లల ఎముకలలో ఫ్లోరైడు ఎక్కువగా నిలుచును. కావున పాఠశాల బోరు నీటిని పరీక్ష చేయించి, ఫలితమును పిల్లలకు తెలిసిన భాషలో గోడపై వ్రాయించుట మంచిది. నేడు బడిలో వారు త్రాగు నీరే రేపటి వారి వెన్నెముకలో చేరును.