ఈమెయిలు నుంచి ఫ్యాక్స్ పంపాలంటే

పింఛను కాగితం కోసమో, పాత మిల్లు సర్వీసు లెక్క కోసమో ఫోను చేస్తే, "ఫ్యాక్స్ చెయ్యండి" అనే మాట ఇప్పటికీ అక్కడక్కడ వినబడుతది. ఒకప్పుడు గల్లీ మూలన ఎస్టీడీ బూతు ఉండేది, అందులోనే ఫ్యాక్స్ మెషిన్ ఉండేది. ఇప్పుడు బూతులు మూతపడ్డాయి. అయినా పని ఆగనక్కర లేదు. ఇంట్లో పిల్లల ఫోనులో ఉన్న మామూలు ఈమెయిలు నుంచి కూడా ఫ్యాక్స్ పోతది.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలె. ఫ్యాక్స్ మెషిన్‌కు ఈమెయిలు అర్థం కాదు. అది టెలిఫోను లైన్లో వచ్చే కూతనే వింటది. కాగితం మీద ఎక్కడ నలుపు, ఎక్కడ తెలుపు అని గీత గీతగా చూసి ఒక మెషిన్ కూతగా పంపితే, అవతలి మెషిన్ అవే గీతలు అచ్చేస్తది. మగ్గం మీద పోగు పోగుగా పువ్వు ఎక్కినట్టే. ఈ ఉపాయం టెలిఫోను కన్నా పాతది. 1843లోనే స్కాట్లాండుకు చెందిన గడియారాల పనివాడు అలెగ్జాండర్ బెయిన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు.

అందుకే జీమెయిలు నుంచి ఫ్యాక్స్ నంబరుకు నేరుగా పోదు. మధ్యలో ఒక ఫ్యాక్స్ సర్వీసు కావాలె. మన ఈమెయిలును అక్కడ నమోదు చేసుకోవాలె. మన కాగితాన్ని కూతగా మార్చి ఆ నంబరుకు ఫోను చేసేది వాళ్ళే. ఫ్రీ అనే సర్వీసుల్లో కొన్ని అమెరికా, కెనడాకే పంపుతాయి. మన దేశానికి పోతదా, పేజీకి ఎంత అని ముందే చూసుకోండి.

ఇక పద్ధతి. కాగితాన్ని మంచి వెలుతురులో స్కాన్ చేసి పీడీఎఫ్ చెయ్యండి. ఈమెయిల్లో "టు" దగ్గర ఫ్యాక్స్ నంబరు, దాని వెనుక ఆ సర్వీసు చెప్పిన అడ్రసు రాయాలె. నంబరుకు ముందు 91 పెట్టి, ఎస్టీడీ కోడులోని సున్నా తీసెయ్యాలె. ముంబై 022 అయితే 9122, సోలాపూర్ 0217 అయితే 91217. పీడీఎఫ్ జతచేసి పంపండి.

ఫ్యాక్స్‌లో రంగులు పోవు. పెన్సిలు రాత, లేత సిరా, వెలిసిన ముద్ర సరిగా రావు. ఫోటో నల్లగా మరకలాగ వస్తది. సంతకం నల్ల పెన్నుతో చెయ్యండి. ఆధార్ అడిగితే, ఒప్పుకునే చోట చివరి 4 అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మన కాగితం మధ్యలో ఇంకొకరి కంప్యూటర్ మీదుగా పోతదని మరవద్దు.

అసలైనది రసీదు. ఫ్యాక్స్ పోయినాక సర్వీసు నుంచి మనకు ఈమెయిలు వస్తది. ఏ నంబరుకు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎన్ని పేజీలు పోయినయో అందులో ఉంటది. లైను బిజీ ఉన్నా, ఎవరూ ఎత్తకపోయినా "ఫెయిల్" అని వస్తది, మళ్ళీ పంపాలె. ఈ రసీదు చెరిపెయ్యకండి, ఒక ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. "మీ కాగితం మాకు రాలేదు" అన్న మాటకు మన దగ్గర ఉండే జవాబు అదే.

కానీ మెషిన్‌కు చేరింది అంటే సారు బల్ల మీదకు చేరినట్టు కాదు. మర్నాడు ఫోను చేసి, ఎవరు తీసుకున్నారో పేరు అడిగి రాసుకోండి. గడువు ఉన్న కాగితమైతే ఫ్యాక్స్‌తో ఊరుకోవద్దు, జిరాక్సు ఒకటి ఉంచుకుని స్పీడ్ పోస్టు కూడా చెయ్యండి. మిల్లులో ఏండ్లకేండ్లు చేసిన కష్టం ఒక్క కాగితం దొరకక ఆగిపోవద్దు.