సభ్యునకు పోవు కాగితము ఎట్లుండవలెను?

సహకార సంఘమునకును సభ్యునకును నడుమ ఏడాది పొడవునను మాటలాడునది కాగితమే. సభ్యుడు కార్యదర్శిని ఏటికి నాలుగైదు మారులు చూచునేమో. రసీదు, పాసుబుక్కు, గడువు తాఖీదు, బాకీ లెక్క మాత్రము చూరులో చెక్కబడియో, పెట్టెలో దాచబడియో ఎల్లప్పుడు ఇంటనే యుండును. మన ఐరాల మండలమున మాటకు కట్టుబడుట యనగా కాణిపాక వినాయకుని సన్నిధిని చేయు ప్రమాణము అందఱికి తలపునకు వచ్చును. సంఘమిచ్చు కాగితము గూడ ఒక మాటయే. ఆ మాట సభ్యునకు బోధపడునట్లు చెప్పబడుచున్నదా యని విచారించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

1904వ సంవత్సరమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన పిదప చాల కాలము సంఘముల లెక్కలు చేతివ్రాతతోనే నడచినవి. నాడు గుమాస్తా పొరపడిన ఒక్క కాగితమే చెడెడిది. ఇప్పుడు ఆ స్థితి మాఱినది. 2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరులకు ఎక్కించు పథకమును అంగీకరించినది. దేశమంతటికి ఒకే తీరు సాఫ్టువేరు ఉండవలెనని నిర్ణయమైనది. దానిని సిద్ధపఱచు భారము నాబార్డు వహించినది. అది ప్రాంతీయ భాషలలో నుండవలెననియు, రాష్ట్రముల అవసరములను బట్టి మార్చుకొను వీలు కలిగి యుండవలెననియు ఆ పథకమునందే చెప్పబడినది. ఈ వీలును మనము వినియోగించుకొనుచున్నామా యనునదే ప్రశ్న.

నమూనా యనగా నేమి?

కంప్యూటరు తనంతట తాను జాబు వ్రాయదు. మొదట ఎవరో యొకరు ఒక నమూనాను కూర్చుదురు. అందు కొన్ని మాటలు ఎప్పుడును మాఱనివి. కొన్ని చోటులు ఖాళీలు. సభ్యుని పేరు, ఖాతా నంబరు, అసలు, వడ్డీ, గడువు దినము మున్నగునవి లెక్కల పుస్తకమునుండి వచ్చి ఆ ఖాళీలలో కూర్చుండును. వేయిమంది సభ్యులున్న వేయి కాగితములు ఒక్క గడియలో అచ్చగును. నమూనా మంచిదైన వేయిమందికి మేలు. చెడ్డదైన వేయిమందికి చిక్కు. కనుక నమూనాను కూర్చుట గుమాస్తా పని యని తలపక పాలకవర్గము స్వయముగా చూడదగిన పని యని మా యభిప్రాయము.

ఏది ముందు, ఏది వెనుక?

సాధారణముగా కనబడు తాఖీదులలో మొదట కార్యాలయపు చిరునామా, పిమ్మట ఉత్తరపు సంఖ్య, అటుపిమ్మట చట్టపు సెక్షనులు ఉండును. ఎంత కట్టవలెనో, ఎప్పటిలోగా కట్టవలెనో యను రెండు మాటలు అడుగున ఏమూలనో దొరకును. చెఱకు గానుగ యొద్దనో మామిడి తోటలోనో పగలెల్ల శ్రమపడి వచ్చిన రైతు ఆ కాగితమును బడికి పోవు మనుమనిచేత చదివించుకొనును. ఆ బిడ్డ మూడు పంక్తులు చదువునప్పటికే తాతకు విసుగు పుట్టును. కాగితము చూరు చేరును.

ఇందువలన కలుగు నష్టమును లెక్కవేసి చూతము. 2025లో కేంద్ర మంత్రివర్గము కొనసాగించిన వడ్డీ రాయితీ పథకము ప్రకారము కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల లోపు పంట ఋణమునకు వడ్డీ నూటికి 7 రూపాయలు. సకాలమున తీర్చినవారికి మఱి 3 రూపాయలు తగ్గి 4 రూపాయలే పడును. లక్ష రూపాయల అప్పునకు ఒక యేటి వడ్డీ 7,000 రూపాయలు. సకాలమున కట్టిన 4,000 రూపాయలు. గడువు దినము కంటబడకపోయిన యెడల ఒక్క కుటుంబమునకు 3,000 రూపాయలు పోయినట్లే. కావున గడువు తాఖీదు ఈ వరుసను ఉండుట మేలు:

1. శ్రీ / శ్రీమతి .......... గారికి
2. మీరు కట్టవలసిన మొత్తము: రూ. ..........
3. కట్టుటకు కడపటి దినము: ..........
4. ఆ దినములోగా కట్టిన మీకు తగ్గు వడ్డీ: రూ. ..........
5. మొత్తము ఏర్పడిన విధము: అసలు, వడ్డీ, ఇతర ఖర్చులు
6. సందేహమున్న అడుగవలసిన చోటు, ఫోను నంబరు

చట్టపు సెక్షనులు వలదని కాదు. అవి ఆఱవ పంక్తి తరువాత ఉండవచ్చును.

తెలుగున కూర్చుటలో చిక్కులు

ఇంగ్లీషు నమూనాను మాటకు మాట తెలుగు చేసిన చాలదు. మన భాషలో విభక్తి పేరునకు అంటుకొనును. 'లక్ష్మికి' అందుము, 'రామయ్యకు' అందుము. ఖాళీ వెనుక 'కు' అని అచ్చు వేసిన 'లక్ష్మికు' అని వచ్చి చదువువారు నవ్వుదురు. 'గారికి' అని యుంచిన ఏ పేరైనను ఇముడును; మర్యాదయు నిలుచును. పరదేశపు పద్ధతిని అనుసరించు నమూనాలు ఇంటిపేరును వెనుకకు నెట్టును. మనకు ఇంటిపేరు ముందు. భూమి పాసుబుక్కున ఒక వరుసను, సంఘపు కాగితమున మఱియొక వరుసను పేరుండిన, ఇరువురును ఒక్కరేనా యను సందేహము పుట్టును.

అంకెల విషయమునను జాగ్రత్త వలయును. లక్షను 1,00,000 అని వ్రాయుట మన అలవాటు. 100,000 అని అచ్చయిన పెద్దలు తికమకపడుదురు. 5-6 అని తేదీ వేసిన అది జూన్ 5వ తేదీయో, మే 6వ తేదీయో తెలియదు. నెల పేరును అక్షరములతో వ్రాయవలెను.

తెలుగు అక్షరములకు పైన గుడులు, క్రింద వత్తులు ఉండును. ఇంగ్లీషునకు సరిపడు పంక్తుల యెడము తెలుగునకు చాలదు. పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని తాకును. తెలుగు లిపి 1991లోనే యూనికోడు పద్ధతిలో చేరినది. పాత పద్ధతి అక్షరములను విడిచి యూనికోడు అక్షరములనే వాడిన, ఒక యంత్రమున కూర్చినది మఱియొక యంత్రమున చెడకుండ కనబడును.

సెల్‌ఫోనునకు పోవు సందేశమున ఇంకొక లెక్క గలదు. ఇంగ్లీషున ఒక సందేశమునకు 160 అక్షరములు పట్టును. తెలుగున 70 గుర్తులే. 'స్త్రీ' యను ఒక్క అక్షరమే 6 గుర్తులు. 70 దాటిన రెండు సందేశముల ఖర్చు పడును. ఈ ఖర్చునకు వెఱచి ఇంగ్లీషున పంపుట న్యాయము కాదు. మాటలను కుదించుటయే మార్గము. వాడుక మాటలతో ఇట్లు వ్రాయవచ్చును:

'పంట అప్పు గడువు జూన్ 20. ఆలోగా కడితే రూ.3,000 వడ్డీ తగ్గుతుంది.'

ఇది 63 గుర్తులు. ఒక్క సందేశమున సరిపోవును.

రిజర్వు బ్యాంకి చెప్పినది

2017లో రిజర్వు బ్యాంకి, పాసుబుక్కులలో అర్థము కాని పొడి అక్షరములు వ్రాయరాదనియు, ప్రతి జమకును ఖర్చునకును తగిన వివరము ఉండవలెననియు బ్యాంకులకు ఆదేశించినది. 2024 ఏప్రిల్ 15వ తేదీని మఱియొక ఉత్తరువు చేసినది. దాని ప్రకారము వ్యక్తులకిచ్చు చిల్లర ఋణములకును, చిన్న పరిశ్రమల కాలపరిమితి ఋణములకును ముఖ్య వివరముల పత్రము ఒకటి ముందుగా ఈయవలెను. అది ఋణగ్రహీతకు తెలియు భాషలో ఉండవలెను. వడ్డీతోపాటు ఇతర ఖర్చులన్నియు కలిపి ఏటికి నూటికి ఎంత పడునో అందు చూపవలెను. ఆ పత్రమున లేని రుసుమును ఋణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేక వసూలు చేయరాదు. 2024 అక్టోబరు 1వ తేదీలోగా దీనిని అమలు పఱుపవలెనని గడువు పెట్టబడినది. ప్రాథమిక సంఘములు రిజర్వు బ్యాంకి యేలుబడికి లోబడినవి కావు. అయినను ఇతరులు విధిగా చేయుదానిని మనము ఇష్టపూర్వకముగా చేయుట సహకారమునకు తగిన పని.

మనము చేయవలసినది

బ్యాంకు ఖాతాదారు నమూనాను మార్చుమని వేడుకొనవలసినవాడు. సంఘ సభ్యుడు అట్లు కాదు, సంఘము అతనిదే. రాబోవు సర్వసభ్య సమావేశమున లెక్కలతోపాటు సంఘము వాడు ప్రతి నమూనాను తెచ్చి చూపవలెనని సభ్యులు కోరవలెను. చదువురాని సభ్యులు ఇద్దఱిని కూర్చుండబెట్టి తాఖీదును బిగ్గరగా చదివి వినిపింపవలెను. ఎంత, ఎప్పుడు, కట్టకున్న ఏమి యను మూడు ప్రశ్నలకు వారు జవాబు చెప్పగలిగిన ఆ నమూనా నిలుచును; లేనిచో మార్పవలెను. సంఘమున అందఱికన్న పొడవైన పేరును, అందఱికన్న పెద్ద బాకీని ఖాళీలలో వేసి అచ్చు తీసి, అక్షరములు తెగకుండ వచ్చినవో లేదో చూడవలెను. అక్షరములు ముసలి కన్నులకు ఆనునంత పెద్దవిగా నుండవలెను.

మార్పు కోరునప్పుడు నోటిమాటతో విడువక, తీర్మానము చేసి జిల్లా కేంద్ర సహకార బ్యాంకి ద్వారా పైకి పంపవలెను. ఒక్క సంఘము అడిగినది మూలబడవచ్చును. పది సంఘములు ఒకే నమూనాను జతపఱచి అడిగిన త్రోసివేయుట కష్టము. ఐరాల ప్రాంతపు సంఘములు ఈ పనికి పూనుకొనిన పొరుగు మండలములవారికిని అది దారి చూపును. నమూనాలను సరిచూచిన సంఘములు తమ యనుభవమును మాకు వ్రాసి పంపిన యెడల ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము.