గనిలో సిగ్నల్ గంట – దాని వైర్ల కథ

మన హాస్టల్లో చదివినవారిలో చాలామందిమి కొత్తగూడెం, యెల్లందు, మణుగూరు బొగ్గు ప్రాంతాల పిల్లలమే. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు తీసుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

భూగర్భ గనిలో బొగ్గు టబ్బులను రోప్‌తో లాగే హాలేజ్ ఇంజను ఒకచోట ఉంటుంది. టబ్బులు ఎక్కడో దూరాన చీకట్లో ఉంటాయి. ఇంజను నడిపే కార్మికుడికి కబురు అందేది గంట ద్వారానే. టబ్బులు కదులుతుండగా ఒక్క గంట కొడితే ఆపమని అర్థం. ఆ గంట మోగకపోయినా, తనంతట తానే మోగినా మనిషి ప్రాణానికే ముప్పు.

అందుకే 1956 నాటి భారత విద్యుత్ నియమాలు గనుల సిగ్నల్ వైర్లకు ప్రత్యేక షరతులు పెట్టాయి. ఆ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు 2010లో, తిరిగి 2023లో వచ్చాయి. 1956 నాటి ముఖ్యమైన షరతులు మూడు.

1. సిగ్నల్ సర్క్యూట్‌లో 30 వోల్టులు దాటరాదు. రిమోట్ కంట్రోల్ సర్క్యూట్‌కూ ఇదే హద్దు. కదలని యంత్రాలకు మాత్రం కొంత మినహాయింపు ఉంది.

2. సిగ్నల్, టెలిఫోన్ వైర్లు కరెంటు కేబుళ్ళకు తగలకూడదు. తగిలితే పెద్ద కరెంటు చిన్న వైరులోకి వచ్చేస్తుంది.

3. పొరపాటున చెయ్యి తగిలితే సర్క్యూట్ కలిసిపోయేలా స్విచ్ ఉండకూడదు.

తక్కువ వోల్టేజీకి షాక్ భయం తగ్గుతుంది గాని నిప్పురవ్వ భయం పోదు. గంటలోని తీగచుట్టలో శక్తి నిలువ ఉంటుంది. సర్క్యూట్ తెగిన క్షణాన అది రవ్వగా బయటపడుతుంది. గాలిలో మీథేన్ సుమారు 5 నుండి 15 శాతం ఉంటే ఆ రవ్వ చాలు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 1913 అక్టోబరు 14న సెంఘెనిడ్ గని పేలి 439 మంది కార్మికులు, ఒక రక్షకుడు చనిపోయారు. కారణం పూర్తిగా తేలలేదు గాని గంట సిగ్నల్ రవ్వపై అనుమానం బలంగా ఉండేది. ఆ తర్వాత జరిగిన పరిశోధనల వల్లే, వైరు తెగినా గ్యాసును అంటించలేనంత తక్కువ శక్తితో పనిచేసే సర్క్యూట్లు వచ్చాయి.

మిత్రులారా, రెండో షరతు ఇంటికీ వర్తిస్తుంది. ఫోను వైరును, చిన్న వోల్టేజీ బెల్లు వైరును 230 వోల్టుల వైర్లతో కలిపి ఒకే పైపులో లాగకండి. పైపు మిగిలిందని మేస్త్రీ చెప్పినా సరే, వేరే పైపు అడగండి.