గుండె తప్పిన తాళం

కొమురవెల్లి మల్లన్నకు సంక్రాంతి మొదలు ఉగాది వరకు ఆదివారాల్లో జాతర. ఆ రద్దీలో ఒగ్గుడోలు వింటూ నిలబడ్డాను. ఉన్నట్టుండి ఎదలో ఏదో తన్నినట్టయింది. గుండె ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకొన్నది.

"ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పాలిపోయింది?" అన్నది మా అత్తమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి. మా అందరికన్నా ముందే మెట్లెక్కింది.

మరునాడు డాక్టరుగారి వద్దకు నాకు తోడు వచ్చింది. ఆయన నాకు ఇ.సి.జి. తీసి, పనిలో పనిగా ఆమె నాడి పట్టి చూశారు. వెంటనే ఆమెకూ తీశారు.

గుండెలో పుట్టే స్వల్ప విద్యుత్తును చర్మంమీద నుండే పసిగట్టి, గళ్ల కాగితంపై గీసే పరీక్ష ఇది. దీనికి బాట వేసిన హాలండు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్ 1924లో నోబెల్ బహుమానం పొందాడు. 'పి' అనే చిన్న మిట్ట గుండె పై గదులది, 'క్యు.ఆర్.ఎస్.' అనే శిఖరం కింది గదులది. అవి సేదదీరడం 'టి'. కాగితం సాధారణంగా సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది గనుక, గళ్లు లెక్కిస్తే కాలం తెలుస్తుంది.

నా పటంలో ఒక దెబ్బ తొందరపడి, తరువాత కాస్త విరామం వచ్చింది. అంతే! ఆరోగ్యమైన గుండెలో ఎప్పుడైనా ఇలా జరిగితే చాలామట్టుకు భయం లేదట. పిల్లలలో గాలి పీల్చినప్పుడు నాడి వేగం హెచ్చి, విడిచినప్పుడు తగ్గడమూ సహజమే.

అత్తమ్మ పటంలోనో, 'పి' మిట్టలే లేవు. శిరాల నడుమ ఎడం ఎక్కడా ఒక తీరుగా లేదు. పై గదులు కొట్టుకోక, వణుకుతున్నాయన్నమాట! అక్కడ నెత్తురు నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఆమెకు మాత్రం ఏ బాధా లేదు. ఆ రోజే గడ్డకట్టనివ్వని మందు మొదలైంది.

కింది గదులే వణికితే ఇంకా ఘోరం. నెత్తురు తోయడం ఆగి, నిమిషాలలో ప్రాణం పోతుంది. కనుక గుండెదడతో స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసం కలిగినా క్షణం జాగు చేయరాదు. ఒక సంగతి: ఇ.సి.జి. చూసేది కొన్ని సెకన్లే. ఆ వేళ తాళం తప్పకపోతే దోషం దొరకదు. అప్పుడు రోజంతా ఒంటిపై ఉంచే యంత్రం పెడతారు.

ఇంటికి వస్తూ అత్తమ్మ అన్నది: "డోలు తాళం తప్పితే జాతరంతా ఇంటది బిడ్డా! నా గుండె తప్పితే నాకే ఇనబడలే."