ఎదిగే పాదానికి చక్రాల బూట్లు

గత రంజాన్ పండుగకు వచ్చిన ఈదీ సొమ్మును మా అక్క కూతురు ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయకుండా దాచుకున్నది. పదకొండేళ్ల పిల్ల. తమ అపార్టుమెంటు క్రింద, కార్లు లేని వేళ, తోటి పిల్లలు చక్రాల బూట్లతో జారుతూ తిరగడాన్ని బాల్కనీలో నుంచి చూసి చూసి మనసు పారేసుకున్నది. దాచిన సొమ్ముకు తండ్రి మరికొంత కలిపి ఒక జత ఇన్‌లైన్ స్కేట్స్ కొనిచ్చాడు. గులాబీ రంగు, చక్రాలలో మిలమిల మెరిసే దీపాలు, డబ్బామీద పెద్ద అక్షరాలతో ఏవో అంకెలు. "ఎదిగే పిల్ల, ఏటా కొనలేం కదా" అని ఇంట్లోవాళ్లు రెండు సైజులు పెద్దవే ఎంచారు. దుకాణదారు కూడా అదే మంచిదన్నాడు.

నాలుగో రోజు సాయంత్రం ఆ పిల్ల ముందుకు తూలి నేలకు చేయి ఆన్చింది. కుడి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు పిండికట్టుతో గడిచాయి. పరామర్శకు వెళ్లిన నాతో అది అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నది: "ఖాలా, నా కాళ్లకే బలం లేదట. అందరికీ వచ్చింది, నాకే రాలేదు."

నా ఇద్దరు కొడుకులు కొన్నేళ్లుగా ఈ ఆటలోనే ఉన్నారు. వారి బూట్ల చక్రాలు విప్పి, తుడిచి, బిగించి నాకూ కొంత తెలివి వచ్చింది. అందుకని ఆ గులాబీ జతను అడిగి తెచ్చుకొని బల్లమీద పెట్టి పరిశీలించాను. లోపం పిల్ల కాళ్లలో లేదు, వాటికి తొడిగిన వస్తువులో ఉన్నది. చవక జతలన్నీ చెడ్డవేమీ కావు. తక్కువ ధరలోనే పనికివచ్చేదీ, పనికిరానిదీ పక్కపక్కనే అమ్ముడవుతుంటాయి. రెండింటినీ వేరు చేసి చూడగలగాలి.

ఒకే వరుసలో చక్రాలుండే ఈ బూట్ల ఊహ చాలా పాతది. 18వ శతాబ్దంలో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్ర నిపుణుడు లండన్‌లో ఒక విందుకు చక్రాల బూట్లు తొడుక్కొని, వాయులీనం వాయిస్తూ ప్రవేశించి, ఆగడం తెలియక నిలువుటద్దాన్ని ఢీకొన్నాడని కథ చెబుతారు. 1863లో అమెరికాకు చెందిన జేమ్స్ ప్లింప్టన్ ముందు రెండు, వెనుక రెండు చక్రాలతో మలుపు తిరగగల బూట్లు తయారుచేయడంతో వరుస చక్రాలు మరుగునపడ్డాయి. 1980 ప్రాంతంలో మిన్నియాపొలిస్ నగరపు హాకీ ఆటగాడు స్కాట్ ఓల్సన్ వాటిని తిరిగి వాడుకలోకి తెచ్చాడు. మంచు లేని కాలంలో మంచు హాకీ సాధన చేసుకోవడం అతని అవసరం. కనుక పుట్టుకతోనే ఇవి చీలమండను గట్టిగా పట్టి ఉంచవలసిన బూట్లు. ఆ సంగతి మరచి కేవలం బొమ్మలుగా తయారుచేసినప్పుడే చిక్కులు వస్తాయి.

మొదట పాదం కొలత

చెప్పుల సైజు చెప్పి స్కేట్స్ కొనకండి. ఒక కంపెనీ 36, మరొక కంపెనీ 36 సమానంగా ఉండవు. గోడకు ఆనించి నేలమీద కాగితం పరచండి. పిల్లను దానిపై మడమ గోడకు తగిలేటట్లు, బరువంతా పాదాలపై మోపి నిలబడమనండి. అన్నిటికంటే పొడవైన వేలి చివర గీత గీసి, గోడ నుంచి గీత వరకు సెంటీమీటర్లలో కొలవండి. రెండు పాదాలూ కొలవాలి. చాలామందికి ఒకటి కొంచెం పెద్దదిగా ఉంటుంది, ఆ పెద్ద కొలతనే తీసుకోవాలి. రోజంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బుతుంది గనుక సాయంత్రం కొలవడం మేలు. బూటు నాలుక మీదనో, డబ్బా మీదనో సెంటీమీటర్లలో గానీ మిల్లీమీటర్లలో గానీ ఇచ్చిన కొలతతో దీన్ని పోల్చుకోవాలి.

ఆ తరువాత అసలు పరీక్ష కాలికి తొడిగిన తరువాతనే. ఆటలో వేసుకొనే సాక్సుతోనే తొడిగించండి. మడమను నేలకు రెండుసార్లు తట్టించి పూర్తిగా వెనక్కి జరిగిన తరువాత బిగించండి. నిటారుగా నిలబడినప్పుడు వేళ్లు ముందుభాగానికి సుతారంగా తగలాలి. మోకాళ్లు వంచగానే వేళ్లు కాస్త వెనక్కి జరగాలి. అలా జరిగితే సైజు సరిపోయినట్లే. నిలబడినప్పుడే వేళ్లకు ముందు బొటనవేలు పట్టేంత ఖాళీ ఉన్నదంటే అది పెద్దది. మోకాళ్లు వంచినా వేళ్లు ముడుచుకొనే ఉన్నాయంటే చిన్నది. చివరగా మడమ. పిల్ల ముందుకు వంగినప్పుడు లోపల మడమ పైకి లేస్తే, మిగిలినవన్నీ ఎంత బాగున్నా ఆ జత వద్దు. లేచిన మడమకు చక్రాలను అదుపు చేసే శక్తి ఉండదు.

మా అక్క కూతురి విషయంలో జరిగింది ఇదే. పాదం లోపల ఒక దిక్కుకు, చక్రాలు బయట మరొక దిక్కుకు పోయాయి.

ఎదుగుదల గురించి బెంగ ఉన్నవారికి సైజు మార్చుకొనే బూట్లు ఉన్నాయి. పక్కనున్న మీటనో, మరనో వదులు చేస్తే ముందుభాగం బయటికి జరిగి మూడు నాలుగు సైజుల వరకు సాగుతుంది. మధ్యతరగతి ఇంటికి ఇవి నిజంగా ఉపయోగకరం. అయితే సాధారణంగా పొడవే పెరుగుతుంది, వెడల్పు కాదు. వెడల్పాటి పాదం గల పిల్లలకు మొదటి రోజునుంచే ఒత్తుకుంటాయి. కొనేటప్పుడు అతిచిన్న సైజు దగ్గర ఒకసారి, అతిపెద్ద సైజు దగ్గర ఒకసారి బిగించి చూడండి. పెద్ద సైజు వద్ద ముందుభాగం వేలితో కదిపితే లొటలొటలాడకూడదు. నేటి పాదం ఆ శ్రేణిలో చిన్న కొసకు దగ్గరగా ఉంటే మీ సొమ్ముకు ఎక్కువ కాలం విలువ దక్కుతుంది.

చీలమండను పట్టుకొనేది ఏది?

చవక జతలో తయారీదారు మొదట కోత పెట్టేది ఇక్కడే. చీలమండ చుట్టూ ఉండే పట్టీభాగాన్ని కఫ్ అంటారు. దాన్ని రెండు చేతులతో పట్టి పక్కలకు నొక్కండి. కాగితపు డబ్బాలా లోపలికి అణిగిపోతే అది అలంకారమే, ఆసరా కాదు. పక్కలకు గట్టిగా నిలుస్తూ, ముందుకు మాత్రం కొద్దిగా వంగేదే మంచి నిర్మాణం.

తరువాత బిగింపులు లెక్కపెట్టండి. పైన కఫ్‌కు ఒక బకిల్, పాదం మీద తాళ్లు, ఈ రెండింటి మధ్య పాదం వంగేచోట ఏటవాలుగా ఒక పట్టీ. ఈ మధ్య పట్టీయే మడమను వెనక్కి లాగి కూర్చోబెడుతుంది. తక్కువ ధర బూట్లలో చాలాసార్లు ఉండనిదీ ఇదే. నన్ను అడిగితే దీపాలు, రంగులు, స్టిక్కర్లు అన్నీ వదులుకొని ఈ ఒక్క పట్టీ ఉన్న జతను ఎంచుకోమంటాను.

పిల్లను నిలబెట్టి వెనుకనుంచి చూడండి. కాలి ఎముక, మడమ, చక్రాలు ఒకే నిలువుగీతలో కనిపించాలి. రెండు చీలమండలూ లోపలికి వాలి, మోకాళ్లు ఒకదానికొకటి దగ్గరైతే బిగింపు సరిచేసి మళ్లీ చూడండి. అప్పటికీ వాలితే కఫ్ బలహీనమైనదో, ఫ్రేమ్ వంకరగా బిగించినదో అయివుంటుంది. మొదటిసారి నిలబడే పిల్లలు కొంత వాలడం సహజమే. అందుకే ఒక్క జతతో నిర్ణయించకుండా, రెండు మూడు జతలు తొడిగించి పోల్చితే తేడా ఇట్టే తెలుస్తుంది.

కనీసం పది నిమిషాలు కాళ్లకు ఉంచండి. విప్పిన తరువాత చీలమండ ఎముక వద్ద, చిటికెనవేలి పక్కన ఎర్రగా కందిన గుర్తులుంటే లైనర్ అనే లోపలి మెత్తని బూటు పలచగా ఉన్నట్లు. ఆన్‌లైన్‌లో తెప్పించుకొనేవారు ఈ పరీక్షంతా ఇంట్లో చాప మీద చేయవచ్చు. చక్రాలకు దుమ్ము అంటక ముందే చేస్తే తిరిగి పంపడానికి ఇబ్బంది ఉండదు.

చక్రాల మీది అంకెలు

దుకాణదారు చక్రాన్ని వేలితో గిర్రున తిప్పి ఎంతసేపు తిరుగుతుందో చూపిస్తాడు. అది పెద్ద పరీక్ష కాదు. గ్రీజు దట్టంగా ఉన్న మంచి బేరింగు చేతిలో తొందరగా ఆగిపోవచ్చు, పొడిగా ఉన్న నాసిరకం చాలాసేపు తిరగవచ్చు. చక్రాన్ని పట్టుకొని పక్కలకు ఊపి చూడండి. లొడలొడ ఉండకూడదు.

డబ్బామీద "ఏబెక్ 7", "ఏబెక్ 9" అని అచ్చువేస్తారు. ఇది బేరింగు కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నాయో తెలిపే అమెరికా ప్రమాణం. 1, 3, 5, 7, 9 అని శ్రేణులు. వేగంగా తిరిగే యంత్రాలకు ఈ కచ్చితత్వం ముఖ్యం. ఉక్కు నాణ్యతను గురించి గానీ, పిల్లల బూట్లలో పక్కల నుంచి పడే బరువును గురించి గానీ ఈ అంకె ఏమీ చెప్పదు. దానికోసం ఎక్కువ ధర చెల్లించకండి.

చక్రం మీద చెక్కిన అంకెలు మాత్రం చదవదగినవి. "76 82ఏ" అని ఉంటే వ్యాసం 76 మిల్లీమీటర్లు, గట్టిదనం 82 అని అర్థం. అంకె తగ్గేకొద్దీ చక్రం మెత్తన. మెత్తని చక్రం నేలను పట్టుకొని గతుకుల అదురును మింగుతుంది, త్వరగా అరుగుతుంది. మన కాలనీల సిమెంటు రోడ్లకు 80కి అటూఇటూ ఉన్న పాలీయురిథేన్ చక్రాలు నప్పుతాయి. అంకె ఏదీ లేకుండా నిగనిగలాడుతూ, గోటికి రాయిలా తగిలేవి పీవీసీ ప్లాస్టిక్ చక్రాలు. పార్కింగు టైల్స్ మీద అవి సబ్బు ముక్కల్లా జారుతాయి. చిట్లిన మణికట్టుకు కారణాలలో ఇది రెండవది.

బ్రేకు సాధారణంగా కుడి మడమ వెనుక ఉండే రబ్బరు దిమ్మ. అది మరతో విప్పి మార్చగలిగేదిగా ఉండాలి. ఎడమ కాలితో ఆగడం అలవాటైన పిల్లలకు అటువైపు బిగించడానికి వీలుంటే మరీ మంచిది. చక్రాల ఇరుసులు అలెన్ కీతో విప్పడానికి వీలవుతాయా అని కూడా చూడండి. లోపలి అంచులు ముందు అరుగుతాయి గనుక కొన్ని వారాలకొకసారి చక్రాలను తిప్పి, స్థానాలు మార్చి బిగించుకుంటే అన్న వాడిన జత తమ్ముడికీ పనికివస్తుంది.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 3000 మీటర్ల రిలేలో మన పురుషుల జట్టు, మహిళల జట్టు కాంస్య పతకాలు గెలుచుకున్న తరువాత మా చిన్నవాడు అటువంటి బూట్లే కావాలన్నాడు. చీలమండ క్రిందికే ముగిసే, బ్రేకు లేని, పెద్ద చక్రాల బూట్లు అవి. ఏళ్ల సాధనతో కాళ్లు రాటుదేలిన వారివి. నేర్చుకొనే పిల్లలకు తగవు.

బడ్జెట్‌లో మణికట్టు కవచాలకు సొమ్ము ముందే తీసి పక్కన పెట్టండి. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన అధ్యయనం ఈ ఆటలో ఎక్కువగా దెబ్బతినేది మణికట్టేననీ, కవచం ధరించినవారికి ఆ ప్రమాదం బాగా తక్కువనీ తేల్చింది. హెల్మెట్, మోకాలి, మోచేతి కవచాలు కూడా తప్పనిసరి. ఆడపిల్లల సల్వార్ అంచులు చీలమండ వద్ద బిగుతుగా ఉండాలి. దుపట్టా చక్రాలకు చుట్టుకొనే ప్రమాదం ఉన్నది. హెల్మెట్ క్రింద పిన్నులు లేని, ముడి లేని పలుచని నూలు స్కార్ఫ్ అయితే హెల్మెట్ సరిగా కూర్చుంటుంది.

పిండికట్టు విప్పిన రెండు నెలలకు అక్క అనుమతి దొరికింది. పిల్లను నేనే దుకాణానికి తీసుకువెళ్లాను. "ఏ సైజు అమ్మా?" అని అడిగాడు దుకాణంలోని కుర్రవాడు. "ఇరవై రెండున్నర సెంటీమీటర్లు" అన్నది పిల్ల, సంచిలోనుంచి గీత గీసిన కాగితం తీస్తూ. మూడు జతలు తొడిగి చూసుకున్నది. మధ్య పట్టీ ఉన్న నల్లని జత కాళ్లకు కుదిరింది. లేచి నిలబడి, మోకాళ్లు వంచి, నా వైపు చూసింది.

"ఖాలా, వేళ్లు వెనక్కి జరిగాయి."