ఆట ఆడినవాడు, ఆట చెప్పినవాడు

మన దేశములో క్రికెట్టు ఎట్టిదో అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ అట్టిది. జట్టునకు తొమ్మిదిమంది ఆటగాండ్రు. క్రికెట్టులో బౌలరు వలె ఈ ఆటలో బంతి విసరువానిని పిచ్చరు అందురు. కాని ఇతడు పరుగెత్తుకొని రాడు. బంతిని నేలకు తాకింపడు. 60 అడుగుల 6 అంగుళముల దూరమున నిలిచి నేరుగా విసరును. బంతిని కొట్టినవాడు ఒకదానికొకటి 90 అడుగుల ఎడమున నున్న నాలుగు స్థానములను చుట్టివచ్చినచో ఒక పరుగు లభించును. ఆ స్థానములకే బేసులని పేరు.

ఈ ఆటలో పిచ్చరుదే పెద్ద భారము. ఒక్కొక్క పోటీలో ఎన్నో మార్లు సత్తువకొలది బంతి విసరవలసి వచ్చును. అందుచేత పిచ్చరు చేయి త్వరగా అరిగిపోవును. ముప్పది యేండ్లకే పని ముగిసినవారు ఎందరో కలరు. ఆ పైన బ్రదుకు గడచుట ఎట్లు? కొందరు సొంత ఊరు చేరి సేద్యము చేసికొనిరి, కొందరు శిక్షకులైరి. రేడియో వచ్చిన తరువాత మరియొక త్రోవ ఏర్పడెను. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్ నగరములోని కె.డి.కె.ఏ. కేంద్రము మొదటిసారిగా ఒక బేస్‌బాల్ పోటీని ప్రసారము చేసెను. తొలిదినములలో కంఠస్వరము బాగుగా నున్నవారినే వ్యాఖ్యాతలుగా ఎన్నుకొనెడివారు. ఆట ఆడినవాడే మైకు ముందు క్రమముగా కూర్చుండుట 1932లో క్లీవ్‌లండ్ నగరములో జాక్ గ్రేనీతో మొదలైనది. ఆ త్రోవను నడచినవారిలో మిక్కిలి పేరు పొందినవాడును, మిక్కిలి నిందలు పడినవాడును డిజ్జీ డీన్.

డీన్ 1910 జనవరి 16న ఆర్కన్సా రాష్ట్రములోని లూకస్ అను చిన్న ఊరిలో పుట్టెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జే హానా డీన్. ఈ కొద్ది సంగతులైనను చాలకాలము ఎవరికిని నిశ్చయముగా తెలియలేదు. పత్రికా విలేఖరులు అడిగినప్పుడు అతడు ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట్టినరోజు, ఒక్కొక్క జన్మస్థలము చెప్పెడివాడు. ఎవరి పత్రికకు వారికి క్రొత్త వార్త దొరకవలదా యని అతని సమాధానము! జెరోమ్ హెర్మన్ అను మరియొక పేరు కూడ తనదేనని చెప్పుకొనెను.

తండ్రికి సొంత భూమి లేదు. ఇతరుల పొలములను పాలునకు సేద్యము చేయుచు, ప్రత్తి కాలములో కుటుంబమంతయు ఊరూర తిరిగి ప్రత్తి ఏరి పొట్టపోసికొనెడిది. తల్లి అతని చిన్నతనములోనే మరణించెను. బడి చదువు కొద్ది యేండ్లతో నిలిచిపోయెను. తాను రెండవ తరగతి దాటలేదనియు, మొదటి తరగతిలోనే తన చదువు అంతంతమాత్రమనియు డీన్ పెద్దవాడైన తరువాత తన్నుగూర్చి తానే పరిహాసమాడెడివాడు. పదునారవ యేట సైన్యములో చేరి టెక్సాస్ రాష్ట్రములోని సాన్ ఆంటోనియోలో ఉండగా అతని బంతి వేగము నలుగురి కంటబడెను. డిజ్జీ అనగా తల తిరుగువాడు అని అర్థము. ఆ పేరు సైన్యములోని ఒక సార్జెంటు పెట్టినదని చెప్పుదురు.

1930 సెప్టెంబరు చివర సెయింట్ లూయీ నగరపు కార్డినల్సు జట్టులో డీన్ మొదటి ఆట ఆడి గెలిచెను. మరియొక యేడు చిన్న పోటీలలో గడపి, 1932లో ఆ జట్టులో స్థిరపడెను. 1933 జూలై 30న ఒక్క ఆటలో 17 మందిని బంతిని కొట్టనీయక వెనుకకు పంపెను.

అతని కీర్తికి శిఖరము 1934. అవి ఆర్థిక మాంద్యపు దినములు. పనులు లేవు, ప్రత్తికి ధర లేదు. ఆ యేడు అతని తమ్ముడు పాల్ కూడ అదే జట్టులో పిచ్చరుగా చేరెను. అన్నదమ్ములిద్దరము కలిసి 45 పోటీలు గెలుచెదమని డీన్ ముందుగనే చాటెను. విన్నవారు నవ్విరి. పోటీలు ముగియునప్పటికి డీన్ 30, పాల్ 19, వెరసి 49 గెలిచిరి. నేషనల్ లీగులో ఆ తరువాత ఏ పిచ్చరును ఒక్క యేట 30 పోటీలు గెలువలేదు. సెప్టెంబరు 21న బ్రూక్లిన్‌లో ఒకేరోజు రెండు పోటీలు జరిగెను. మొదటి పోటీలో డీన్ ఎదుటి జట్టునకు మూడు దెబ్బలే ఇచ్చెను. రెండవదానిలో పాల్ ఒక్కటియు ఇయ్యలేదు. తమ్ముడు అట్లు చేయునని ముందు తెలిసినచో తానును అట్లే చేసియుందునని డీన్ అనెను. ఆ అక్టోబరులో డెట్రాయిట్ జట్టుతో జరిగిన ఛాంపియన్‌షిప్పులో కార్డినల్సు గెలిచిన నాలుగు పోటీలలో రెండు అన్నవి, రెండు తమ్మునివి. ప్రత్తి ఏరిన చేతులు దేశమునంతటిని గెలిచినట్లు పల్లె జనులు పొంగిపోయిరి. డీన్‌లో గొప్పలు చెప్పుకొను గుణము మెండు. అయినను చెప్పినంతయు చేసి చూపుచుండుటచేత జనులు దానిని దోషముగా ఎంచలేదు.

1937 జూలై 7న వాషింగ్టన్ నగరములో మేటి ఆటగాండ్ర పోటీ జరిగెను. ఎర్ల్ ఆవెరిల్ అనువాడు కొట్టిన బంతి నేరుగా వచ్చి డీన్ ఎడమకాలి బొటనవ్రేలికి తగిలి ఎముక విరిగెను. వ్రేలు మానుటకు ముందే అతడు తిరిగి ఆటకు దిగెను. కుడిచేతి పిచ్చరు బంతి విడుచునప్పుడు శరీరభారమంతయు ఎడమకాలిపై పడును. ఆ నొప్పి తప్పించుకొనుటకై అతడు తన విసరు పద్ధతిని మార్చెను. కాలు తప్పించుకొన్న భారము చేతిపై పడెను. ఆ చేయి మరల మునుపటి చేయి కాలేదు. చిన్న వ్రేలు గాయమునకు పది దినములు ఓపిక పట్టినచో ఎంత బాగుండెడిదో!

1938లో కార్డినల్సు అతనిని 1,85,000 డాలర్లకును, ముగ్గురు ఆటగాండ్రకును మారుగా షికాగో కబ్సు జట్టునకు ఇచ్చివేసిరి. ఆ యేటి చివరి పోటీలలో న్యూయార్కు యాంకీలను అతడు వేగము లేని బంతులతో, కేవలము తెలివితో ఏడు విడతల వరకు నిలువరించెను. ఎనిమిదవ విడతలో ఒక పెద్ద దెబ్బ, తొమ్మిదవ విడతలో మరియొకటి తగిలి ఆట చేజారెను. 1941లో అతడు ఆట మానెను. అప్పటికి వయస్సు 31.

అదే యేడు అతడు సెయింట్ లూయీలో రేడియో వ్యాఖ్యాత అయ్యెను. ఆ నగరములో అప్పుడు రెండు జట్లుండెను: ఒకటి కార్డినల్సు, రెండవది బ్రౌన్సు. రెండింటికిని ఆటస్థలము ఒక్కటే. ఒక జట్టు పరస్థలమునకు పోయినప్పుడు రెండవది ఊరిలో ఆడెడిది. కావున డీన్ రెండు జట్ల ఆటలను చెప్పెడివాడు. రేడియో వ్యాఖ్యాత పని చూచుటకు సులభము. కాని వినువానికి ఆటస్థలము కనబడదు. బంతి ఎచ్చట నున్నది, ఏ బేసుపై ఎవరున్నారు, లెక్క ఎంత అనునవి మాటలతోనే కన్నులకు కట్టవలెను. డీన్‌కు లెక్కలు చెప్పుటలో శ్రద్ధ తక్కువ. కాని పిచ్చరు మనస్సులో ఏమి జరుగుచున్నదో అతనికి తెలిసినట్లు తక్కిన వ్యాఖ్యాతలకు తెలియదు. ఎవడు అలసినాడో, ఎవడు భయపడుచున్నాడో ఉన్నదున్నట్లు చెప్పెడివాడు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున వాతావరణమును గూర్చి రేడియోలో చెప్పరాదని నిషేధముండెను. అది శత్రువులకు ఉపయోగపడునని భయము. ఒకనాడు వాన వచ్చి ఆట ఆగిపోయెను. ఆట ఏల ఆగెనో వినువారికి చెప్పుట ఎట్లు? ఆట ఎందుకు ఆగినదో తెలియనివారు కిటికీలోనుండి తల బయట పెట్టి చూడుడని డీన్ అనెనట!

అతనికి వచ్చిన నిందలన్నియు భాషను గూర్చినవే. 'స్లైడ్' అను ఇంగ్లీషు క్రియకు భూతకాల రూపము 'స్లిడ్' అని ఎనిమిదవ తరగతి విద్యార్థి ఎరుగును. డీన్ 'స్లడ్' అనెడివాడు. 'త్రూ' అనవలసినచోట 'త్రోడ్' అనెడివాడు. ఆటగాండ్రు తమతమ బేసులకు మరలిరని చెప్పుటకు 'రెస్పెక్టివ్' అను మాట వాడవలెను. దానికి బదులు అతడు 'రెస్పెక్టబుల్' అనెను. అనగా వారు గౌరవనీయములైన బేసులకు మరలిరన్నమాట! 1944లో సెయింట్ లూయీ జట్లు రెండును ఛాంపియన్‌షిప్పునకు ఎదురెదురుగా నిలిచెను. ఏడాది పొడుగున ఆ రెండు జట్ల ఆటలను చెప్పినవాడు డీన్. కాని బేస్‌బాల్ అధిపతియగు న్యాయమూర్తి లాండిస్, అతని భాష దేశమంతటికి వినిపింపదగినది కాదని ఆ ప్రసారమునుండి తొలగించెను. డీన్‌కు ఇది గట్టి దెబ్బ.

1946లో మిస్సోరీ రాష్ట్రములోని ఇంగ్లీషు ఉపాధ్యాయులు కొందరు అతని భాష బాలురను చెరచుచున్నదని అభ్యంతరము తెలిపిరి. తరగతిలో ఏడాది పొడుగున దిద్దిన తప్పు సాయంకాలము రేడియోలో ఒక గంటసేపు వినుటతో తిరిగి వచ్చుచున్నదని వారి బాధ. ఆ బాధ అన్యాయమైనది కాదు. మెచ్చుకొనువాని మాటనే బాలుడు అనుకరించును గదా. అయితే సాటర్‌డే రివ్యూ అను సాహిత్యపత్రిక డీన్ పక్షమునే వహించెను. వేలకొలది శ్రోతలును అతనినే సమర్థించిరి. డీన్ మాట్లాడినది ఆర్కన్సా ప్రత్తిచేలలోని మాట. రేడియోలో ఎన్నడును తమ ఇంటి మాట విని యెరుగని సేద్యగాండ్రకు అది తప్పుగా తోచలేదు. ఉపాధ్యాయులు ఇంగ్లీషు నేర్పవచ్చును, తాను బేస్‌బాల్ నేర్పెదనని డీన్ బదులు చెప్పినట్లు ప్రచారములో నున్నది. ఆ జవాబులోను అతడు 'టీచ్' అనవలసినచోట 'లర్న్' అనెనట. తప్పు తెలియక అనెనో, కావలెననియే అనెనో చెప్పుట కష్టము. తన భాషకు పేరు వచ్చినకొలది అతడు దానిని కొంత పెంచి పలికెనని తోచును.

1947లో బ్రౌన్సు జట్టు ఓటమిపై ఓటమి పొందుచుండెను. వారి పిచ్చర్లలో పలువురకంటె ఇప్పటికిని తానే మేలుగా విసరగలనని డీన్ రేడియోలో అనెను. ఆ పిచ్చర్ల భార్యలు కోపించి ఫోను చేసిరి. ఆటస్థలమునకు జనమును రప్పింపగోరిన యజమానులు, అట్లయినచో వచ్చి విసరుమని అతనినే పిలిచిరి. ఆ యేటి చివరి దినమైన సెప్టెంబరు 28న, 37 యేండ్ల డీన్ మైకు విడిచి మైదానములో దిగెను. దాదాపు 16,000 మంది జనులు వచ్చిరి. ఆరేండ్లుగా పోటీలో విసరని చేయి! అతడు నాలుగు విడతలు విసరి ఎదుటి జట్టునకు ఒక్క పరుగైనను ఇయ్యలేదు. తానే బంతిని కొట్టి మొదటి బేసు చేరెను. ఆ పరుగులో కాలి కండరము పట్టుకొనెను. అన్నమాట నిలుపుకొన్నాడు గదా, ప్రాణము మీదికి తెచ్చుకొనకముందే బయటికి రప్పింపుడని అతని భార్య పట్రీషియా కేక వేసెనని చెప్పుదురు. అతడు తప్పుకొన్న తరువాత బ్రౌన్సు ఆ ఆటయు ఓడిరి. పరులను విమర్శించి, ఆ విమర్శను తన శరీరముతో పరీక్షకు పెట్టిన వ్యాఖ్యాత మరియొకడు దొరకుట అరుదు.

మొత్తముపై డీన్ గెలిచిన పోటీలు 150, ఓడినవి 83. కాలి వ్రేలు విరుగనిచో ఆ లెక్క ఎంత పెరిగియుండెడిదో! 1953లో కూపర్స్‌టౌన్‌లోని కీర్తిమందిరములో అతనికి స్థానమిచ్చిరి. ఆ యేడే టెలివిజనులో శనివారపు పోటీలను చెప్పు పని వచ్చెను. పెద్ద జట్లున్న నగరములలో ఆ ప్రసారమును అనుమతింపలేదు. అందుచేత దానిని చూచినవారు ఎక్కువగా చిన్న ఊళ్లవారే. శనివారము మధ్యాహ్నము ఆ ఊళ్లలో డీన్ మాట వినబడని ఇల్లు తక్కువ. టెలివిజనులో ఆట కంటికి కనబడుచుండుటచేత చెప్పవలసిన పని తగ్గెను. ఆ ఖాళీలో అతడు పాత కథలు చెప్పెడివాడు. రైలుబండిని గూర్చిన ఒక జానపదగీతమును పాడెడివాడు. ఆటయందే దృష్టి గలవారికి ఇది విసుగు పుట్టించెను. నిజమునకు కొన్ని దినములలో ఆటకంటె పాటయే ఎక్కువ. 1965 వరకు ఆ పని సాగెను.

తరువాత అతడు మిసిసిపీ రాష్ట్రములోని బాండ్ అను పల్లెలో, భార్య పుట్టిన ఊరిలో నివసించెను. 1974 జూలై 17న మరణించెను. సమాధి బాండ్‌లోనే ఉన్నది. తన పేరును, భార్య పుట్టింటి పేరైన నాష్‌ను కలిపి వారు ఆ యింటికి డీనాష్ అని పేరు పెట్టుకొనియుండిరి. వారికి సంతానము లేదు. పట్రీషియా ఆ యింటిని ఒక ధార్మిక సంస్థకు వ్రాసి ఇచ్చెను. ఆ సంస్థ దానిని పోషణ లేని పిల్లల వసతికై ఉపయోగించెను.