పదిహేడేళ్ల మౌనం తర్వాత పలికిన పియానో

అటక మీద పడేసిన హార్మోనియం పెట్టెను ఏళ్ల తర్వాత దించి, దుమ్ము తుడిచి, మెట్ల మీద వేళ్లు పెడితే మునుపటిలా పలుకుతుందా? ఒకప్పుడు నాటకాలాడి మానేసిన పెద్దలకు ఈ సందేహం కొత్త కాదు. అమెరికాలో పేరుమోసిన గాయకుడు బిల్లీ జోయెల్ 74 ఏళ్ల వయసులో సరిగ్గా ఇదే పరీక్షకు కూర్చున్నారు.

జోయెల్ 1949లో న్యూయార్క్‌లో పుట్టారు. చిన్ననాడే పియానో నేర్చారు. హార్మోనియం తిత్తి గాలితో పలుకుతుంది. పియానో అలా కాదు. మెట్టు నొక్కగానే లోపలున్న చిన్న సుత్తి బిగించిన తీగను కొడుతుంది. మొత్తం 88 మెట్లు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకడం దాని ప్రత్యేకత.

తల్లిదండ్రులు విడిపోయారు. సంసారం లాగుతున్న తల్లికి ఆసరాగా కుర్రవాడు రాత్రిళ్లు బార్లలో పియానో వాయించాడు. పొద్దుపోయేదాకా వాయించి మర్నాటి పరీక్షకు వెళ్లలేకపోయాడు. దాంతో 1967లో హైస్కూలు పట్టా చేతికందలేదు. పాతికేళ్లకు, 1992లో, అదే బడి పిలిచి పట్టా ఇచ్చింది! 1972లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బారులో మారుపేరుతో వాయించిన అనుభవమే 1973లో ‘పియానో మ్యాన్’ పాటయి ఆయనకు పేరు తెచ్చింది.

1993 తర్వాత ఆయన పాటల ఆల్బం తీసుకురాలేదు. 2007లో ఒక పాట వచ్చింది. అంతే, కొత్త పాటలకు తెరపడింది. పాత పాటలకు మాత్రం ఆదరణ తగ్గలేదు. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 2014 నుంచి నెలనెలా కచేరీలు చేస్తూ వచ్చారు.

17 ఏళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరి 1న ‘టర్న్ ది లైట్స్ బ్యాక్ ఆన్’ విడుదలైంది. ఆర్పిన దీపాలు మళ్లీ వెలిగించమని ఆ మాటలకు అర్థం. ఫ్రెడ్డీ వెక్స్‌లర్ తదితరులతో కలిసి కట్టిన ఈ పాటకు పియానోయే ప్రాణం. తప్పు చేసి దూరమైనవాడు ఆలస్యంగా తిరిగొచ్చి, క్షమిస్తావా అని అడగడం ఇందులోని విషయం. మూడు రోజులకే గ్రామీ బహుమతుల సభలో ఆయన స్వయంగా పియానో ముందు కూర్చుని పాడారు. పాట దృశ్యంలో ఆయన పడుచునాటి రూపాలను కంప్యూటర్ సాయంతో చూపించడం మరో విశేషం.

ఆ ఏడాది జూలై 25న మాడిసన్ స్క్వేర్ కచేరీల వరుస ముగిసింది. అది వరుసలో 104వ కచేరీ. 2025 మే నెలలో జోయెల్‌కు మెదడులో నీరు చేరే జబ్బు ఉన్నట్టు తేలింది. చూపు, వినికిడి, నడకలో నిలకడ దెబ్బతిన్నాయని ప్రకటించి, ఒప్పుకున్న కచేరీలన్నీ రద్దు చేసుకున్నారు.

ఇంకొన్నాళ్లు చూద్దామని ఆయన ఆగి ఉంటే ఆ పాట వచ్చేదో లేదో! అటక మీద పెట్టె ఉన్నవారు ఆలోచించుకోవలసిన మాటే ఇది.